వెనుక పేజీ ప్రశ్నకు జవాబు

ఆగస్టు నెల మూడో బుధవారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలు. బంగాళాఖాతంలో అల్పపీడనం. ఓడరేవులో మూడో నంబరు హెచ్చరిక ఎగరేసి ఉంది. వాన ఆగింది కానీ గాలి ఆగలేదు. కూర్మన్నపాలెం కూడలిలో జెరాక్సు షాపు పైనున్న మా కార్యాలయంలో, కిటికీలన్నీ మూసి, నేనూ డాక్టర్ సత్యవతి గారూ సర్వే పత్రాలు విప్పుతున్నాం. నాలుగు మడతలు పెట్టిన ఒక పత్రం విప్పినప్పుడు, ఏమీ ఉండకూడని దాని వెనుక వైపున నీలి సిరాతో రెండు వాక్యాలు కనిపించాయి.

"మా చెల్లి ఇంకా ఆ ఇంట్లోనే ఉంది, దానికి తొమ్మిదేళ్ళు. మీరు ఏమైనా చేస్తారా?"

సర్వేలు చేసే ఒక సంస్థలో గణాంకాధికారిగా పనిచేసి నేను పదవీ విరమణ పొందాను. చేపల రేవులో వల లాగేవారి ఆదాయం, ఉక్కు కర్మాగారం చుట్టూ ఉన్న కాలనీల తాగునీరు, లారీ డ్రైవర్ల కంటిచూపు, ఇలాంటివి లెక్కించడం నా పని. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న యువకులు కొందరు నా అనుభవాలు రాయమన్నారు. పదోన్నతుల సంగతి వారికి అక్కరలేదు. ఆ రెండు వాక్యాల సంగతి అక్కరకు రావచ్చు. ఏడేళ్ళుగా నేను సమాధానం చెప్పలేకపోయిన ప్రశ్న అదొక్కటే.

తరగతి నాయకుడు

విశ్వవిద్యాలయ విద్యార్థులలో ఎందరు తమ బాల్యంలో లైంగిక హింసకు గురయ్యారో తెలుసుకోవడం ఆ సర్వే ఉద్దేశం. నగరంలో ఒకటి, కూర్మన్నపాలెం దగ్గర ఒకటి, అచ్యుతాపురం దారిలో ఒకటి, మొత్తం మూడు కళాశాలలు. వాటి పేర్లు రాయను. ప్రశ్నలు తయారుచేసినవారు మనోవైద్యురాలు సత్యవతి గారు. పద్ధతి నాది. అనుమతి మా డైరెక్టరు జగన్నాథరావు గారిది.

మొదటి ప్రయత్నంలో పిల్లలను పరీక్షల్లో కూర్చోబెట్టినట్టు రోల్ నంబరు వరుసలో కూర్చోబెట్టాం. తరగతి నాయకుడు చివరన తిరిగి పత్రాలు పోగుచేశాడు. చిన్నప్పుడు ఏదో జరిగిందని రాసినవారు దాదాపుగా లేరు.

జగన్నాథరావు గారు గోదావరి జిల్లా మనిషి, ఉదారుడు, ఎదుటివారి కష్టానికి త్వరగా కరిగిపోయేవారు. ఆ ఫలితం చూసి స్వీట్లు తెప్పించారు. "చూశారా మాస్టారూ, మన పిల్లలు సుఖంగా పెరిగారండి. ఊరికే భయపడి చచ్చాం."

ఆ సంఖ్య సరైనదే. కానీ అది పిల్లల బాల్యాన్ని కొలిచిన సంఖ్య కాదు, తరగతి నాయకుడంటే వారికున్న జంకును కొలిచిన సంఖ్య. ఈ పనిలోకి వచ్చేవారు ముందుగా నేర్చుకోవలసింది ఇదే: ప్రతి సంఖ్యా ఏదో ఒకదాన్ని కచ్చితంగానే కొలుస్తుంది. మీరు కొలవదలచినది దాన్నేనా అన్నది వేరే విషయం.

పద్ధతి మార్చాను. ఎవరికి నచ్చిన చోట వారు దూరదూరంగా కూర్చోవాలి. చేతిరాత అక్కరలేకుండా అన్నీ టిక్కు గడులే. కలాలు మేమే ఇస్తాం, అన్నీ ఒకే రకం. పత్రాన్ని నాలుగు మడతలు పెట్టి ఎవరికి వారే పెట్టెలో వేయాలి. మూడు కళాశాలల పెట్టెలనూ తెరవకుండా తెచ్చి ఒకే గోనెసంచిలో కుమ్మరించి, బాగా కలిపిన తరువాతే మొదటి పత్రం విప్పాలి. ఆ కలపడం ఎవరికీ అప్పగించలేదు, నేనే చేశాను. సంచి మూతి కట్టి నేలమీద దొర్లించాను.

పత్రం పైన రెండు వాక్యాలు అచ్చువేయించాం. "మీరెవరో మాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా మేం ఉంచుకోలేదు." రెండో వాక్యం నేను పట్టుబట్టి చేర్పించినది.

వరస

అసలు సర్వేకు ముందు ఇంకొక చిక్కు వచ్చింది. "ఆ మనిషి మీకు ఏమవుతారు?" అన్న ప్రశ్న దగ్గర కొందరు పిల్లలు ఏ గడిలోనూ టిక్కు పెట్టకుండా, పక్కన చిన్న అక్షరాలతో "బావ వరస" అనీ "మావయ్య వరస" అనీ రాశారు. అంతకుముందు పేజీలో "మీపై లైంగిక వేధింపు జరిగిందా?" అన్నచోట వాళ్ళే "లేదు" అని గుర్తు పెట్టారు.

దాన్ని ఏ పట్టికలో చేర్చాలన్నది సమావేశంలో చర్చకు వచ్చింది. జగన్నాథరావు గారు నవ్వేశారు. "ఏవండీ, బావ వరసవాడు జడ లాగినా లెక్కలో ఎక్కించేస్తామా? మా వైపు అయితే ఒక్క ఇల్లు మిగలదండి! పెళ్ళిపందిట్లో సగం మందిని స్టేషన్లో కూర్చోబెట్టాలి."

అందరం నవ్వాం. సత్యవతి గారు నవ్వలేదు. ఆమె గాజువాక మనిషి, మాట మెత్తన.

"సరేనండీ, వరస మాట వదిలేద్దాం," అన్నారు. "అప్పటికి మీ వయసెంత, ఆ మనిషి వయసెంత అని అడుగుదాం. మిగతాది అంకెలే చెప్తాయి."

వారం తరువాత మళ్ళీ ప్రయత్నించాం. మొదటి పత్రం జగన్నాథరావు గారే సరదాగా విప్పారు. పక్కన "బావ వరస" అని ఉంది. కింద వయసులు: పిల్లకు పది, అతనికి ముప్ఫై ఒకటి. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూశారు.

"ఇది జడ లాగడం కాదండీ," అన్నారు. ఆ తరువాత ఆ గదిలో ఎవరూ వరసల మీద హాస్యమాడలేదు.

మన సమాజంలో వరస అన్నది గొప్ప ఆచ్ఛాదన. అంతటి మనిషి అంత చిన్నపిల్లను పట్టుకుంటే, చూసినవారు ముందు చుట్టరికం కలుపుతారు, తరువాత నవ్వుతారు. ఆ నవ్వు విన్న పిల్లకు తనకు జరిగినదానికి ఏ పేరు పెట్టాలో తెలియదు. పదేళ్ళ తరువాత మా పత్రంలో "లేదు" అని గుర్తు పెడుతుంది. ఆ "లేదు"లను నమ్మి ఎన్ని నివేదికలు అచ్చయ్యాయో నాకు తెలియదు.

మగపిల్లల విషయం కూడా ఇక్కడే చెప్పాలి. పత్రాలు పంచే అప్పలరాజు ఒకరోజు తిరిగి వచ్చి, "సార్, మగపిల్లలకి ఆ పేజీ ఒగ్గీసేను," అన్నాడు.

"ఎందుకు?"

"నవ్వుతన్నారు సార్. మాకిదేటి గురూ అని ఒకటే గోల."

"నవ్వనీ. ఇచ్చి రా."

ఇచ్చాడు. నవ్వుతూనే రాశారట. ఆ పేజీలు ఖాళీగా రాలేదు.

ఎంత శాతం అని మీరు అడుగుతారు. అది నివేదికలో ఉంది, ఇక్కడ రాయను. అంకెలను తప్ప దేన్నీ నమ్మని నేను ఈ మాట అనడానికి కారణం ఉంది. ఆ శాతాన్ని చదివినవారు ముందు "మన ఊళ్ళోనా?" అని ఆశ్చర్యపోయారు. తరువాత తమ ఇంటిని అందులోంచి తీసేసి లెక్క వేసుకున్నారు. అందరూ తీసేసుకున్నాక ఆ శాతం ఎవరి ఇళ్ళలో మిగిలిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నమ్మారు, ఊరుకోమన్నారు

ఆ బుధవారం విప్పిన పత్రంలో, ముందు పేజీల సమాచారం ఇది. ఆడపిల్ల. ఆ మనిషి మేనమామ. ఎవరికైనా చెప్పారా? అమ్మకు. చెప్పాక ఏమైంది?

ఈ ఆఖరి ప్రశ్నకు నేను రెండు గడులు పెట్టాను: "నమ్మారు", "నమ్మలేదు". సత్యవతి గారు మూడోది చేర్చారు: "నమ్మారు, ఊరుకోమన్నారు". రెండు సంగతులను ఒక గడిలో పెట్టడం శాస్త్రీయం కాదని వాదించాను, అది ఖాళీగా ఉండిపోతుందని కూడా అన్నాను. ఖాళీగా ఉండలేదు. ఈ పిల్ల టిక్కు పెట్టినదీ ఆ గడిలోనే.

సత్యవతి గారు పత్రాన్ని చేతిలోకి తీసుకుని వెనుక వైపు మళ్ళీ చదివారు.

"ఏ కాలేజీది?"

"చెప్పలేం."

"ఏ పెట్టెలోంచి వచ్చిందో కూడానా?"

"సంచిలో కలిపేశాను కదా."

"అంత బాగా కలిపారా?" అన్నారు ఆమె. అందులో ఎగతాళి లేదు. నిజంగానే అడిగారు.

ఇంకొక దారి ఉందని ఆమే అన్నారు. చేతిరాత. కళాశాలల్లో అసైన్‌మెంట్లు ఉంటాయి, ప్రిన్సిపాళ్ళను అడిగితే ఇస్తారు, రెండు రోజుల్లో పోల్చి పట్టుకోవచ్చు. నేను ఒప్పుకోలేదు. మాటిచ్చి పత్రం రాయించుకున్నాం. అది పేరు పట్టుకోవడానికి పనికొచ్చిందని ఒక్కరికి తెలిసినా, ఇక ఏ పిల్లా ఏ పెట్టెలోనూ నిజం వేయదు.

"వేయకపోతే పోనివ్వండి," అన్నారు ఆమె. "మీకు శాతం కావాలి మాస్టారూ. నాకు ఆ తొమ్మిదేళ్ళ పిల్ల కావాలి."

"రేపు ఆ అక్క ఇంటికి ప్రిన్సిపాలు ఫోను చేస్తే? ముందుగా ఎత్తేది ఆ మేనమామే అయితే?"

ఆమె పత్రాన్ని మళ్ళీ నాలుగు మడతలూ పెట్టారు.

పిల్లలపై ఇలాంటి నేరం జరుగుతోందని తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలన్నది చట్టం. ఆ సాయంత్రమే ఇద్దరం స్టేషనుకు వెళ్ళాం. ఎస్సై చిన్నవాడు, కుర్చీలు వేయించి ఓపికగా విన్నాడు.

"పిల్ల పేరు?"

"తెలియదు."

"అక్క పేరు? ఊరు?"

"తెలియదు."

"ఆడి పేరు?"

"మేనమామ అని మాత్రం తెలుసు."

అతను కలం కింద పెట్టాడు. "సార్, పెద్దోరు, మీరే సెప్పండి. మేనమామ నేని ఇల్లు ఈ జిల్లాలో ఏటైనా ఉంటాదా? ఎవడింటి తలుపు కొట్టమంటారు నన్ను?" కలం మళ్ళీ తీసుకుని, "నాకూ ఆడపిల్లుంది సార్," అన్నాడు. మేం చెప్పినదంతా స్టేషను డైరీలో రాసుకున్నాడు. అంతకుమించి అతను చేయగలిగింది లేదు. అతను మంచివాడు. చట్టమూ మంచిదే. నా పద్ధతిలోనూ లోపం లేదు. అన్నీ సరిగ్గా ఉండి పిల్ల మాత్రం అక్కడే ఉండిపోవడం ఎలా సాధ్యమో ఆ రోజు తెలిసింది.

నోటీసు

వెతకకూడదు, వెతకకుండా ఊరుకోకూడదు. రెండు రోజులు ఆలోచించి ఒక నోటీసు తయారుచేశాం. పిల్ల రాసిన మాటలు అందులో పెడితే పక్కనున్నవారు పసిగట్టవచ్చు. అందువల్ల జవాబు మాత్రమే పెట్టాం.

"వెనుక పేజీలో అడిగిన ప్రశ్నకు జవాబు: చేస్తాం. ప్రతి బుధవారం మధ్యాహ్నం మూడు నుంచి ఐదు వరకు, కూర్మన్నపాలెం, జెరాక్సు షాపు మేడమీద. డాక్టర్ సత్యవతి ఉంటారు."

మూడు కళాశాలల బోర్డుల మీద అతికించాం. కింద జెరాక్సు షాపు ఉండటం మాకు కలిసివచ్చింది. ఆ మెట్ల దగ్గర ఎవరు కనిపించినా జెరాక్సుకు వచ్చారనే అనుకుంటారు. ఇలాంటి గది వెతికేటప్పుడు లోపలి కుర్చీల కంటే, బయట చెప్పుకోవడానికి ఒక సాకు ఉందో లేదో చూడండి.

మొదటి బుధవారం ఒక కుర్రవాడు వచ్చాడు. చేతిలో మార్కుల జాబితా జెరాక్సు. గుమ్మంలో నిలబడి, "జెరాక్సుకొచ్చాను సార్," అని, నీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. రెండో బుధవారం అదే జెరాక్సుతో మళ్ళీ వచ్చాడు.

"మళ్ళీ జెరాక్సేనా బాబూ?" అన్నాను.

"ఔన్సార్." జెరాక్సు కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "కాదు సార్. ఆ నోటీసు ఎవరికి సార్?"

"నువ్వు వెనక ఏమైనా రాశావా?"

"నేదు సార్. నాకు సెల్లి కూడా నేదు. తమ్ముడున్నాడు." తలెత్తి సత్యవతి గారి వైపు చూశాడు. "తమ్ముడైతే లెక్కకొత్తాదా మేడం?"

"వస్తుంది నాన్నా. కూర్చో," అన్నారు ఆమె. నేను గది బయటికి వచ్చి మెట్లమీద కూర్చున్నాను.

తరువాత వచ్చినవారిది కూడా ఇంచుమించు ఇదే కథ. వారిలో ఒకమ్మాయిని రోజా అంటాను, అది ఆమె పేరు కాదు. అచ్యుతాపురం దగ్గరి పల్లె. తల్లి అక్కడి ఫ్యాక్టరీలో పని చేస్తుంది.

"నాను వెనకాల ఏటీ రాయలేదు సార్," అంది. "రాద్దామనే అనుకున్నాను. పక్కపిల్ల సూసేత్తాదని మడత పెట్టీసేను. మల్లా ఆ నోటీసు సూసి, రాయకపోయినా ఈళ్ళకి తెలిసిపోనాదేటి అనుకున్నాను."

"మీ చెల్లికి ఎన్నేళ్ళమ్మా?"

"పన్నెండు."

మాకు కావలసింది తొమ్మిది. ఒక పిల్ల తన చెల్లెలి వయసు చెప్పినప్పుడు నా మనసులో మొదట మెదిలిన మాట "ఈమె కాదు" అన్నది. ఈ వృత్తి మనిషిని ఎలా తయారుచేస్తుందో మీకు తెలియాలని అది రాస్తున్నాను.

పేర్లు చెబితే పోలీసులకు తెలియజేయక తప్పదని సత్యవతి గారు ప్రతి ఒక్కరికీ ముందుగానే చెప్పేవారు. అది నిజాయితీ. ఆ మాట వినగానే కొందరు లేచి, సంచి భుజాన వేసుకుని, "మళ్ళీ వస్తాం మేడం," అని వెళ్ళేవారు. వారిలో ఎవరూ మళ్ళీ రాలేదు. రోజా మాత్రం లేవలేదు. "రాయండి," అంది.

ఫిర్యాదు అందిన మూడో రోజున ఆమె తల్లి ఫ్యాక్టరీ యూనిఫాంలోనే మా మెట్లెక్కి వచ్చింది.

"మా తమ్ముడి పేరు టేసన్లో ఎక్కించేరంట కదా. ఆడు నేకపోతే మా ఇల్లెలా నడుస్తాదో కూడా ఎక్కించేరా?"

"పిల్లను ఆ ఇంట్లో ఉంచకమ్మా," అన్నారు సత్యవతి గారు.

"ఎక్కడుంచమంటావు తల్లీ? మీ ఇంట్లో ఎట్టుకుంటావా?"

సత్యవతి గారు కుర్చీ జరిపారు. ఆ తల్లి కుర్చీ అంచున కూర్చుంది. కోపం దిగిపోయాక గొంతు మారింది. "మాకు అవ్వలేదనుకుంటన్నారా ఇవన్నీ? సచ్చిపోనామేటి? పెళ్ళిళ్ళయినాయి, పిల్లలు పుట్టేరు, డూటీకెల్తన్నాం. దీనికే ఒచ్చిందా సదువు?"

స్టేషనులో ఆమె అంతా అబద్ధమంది. పెద్దమ్మాయి చెప్పినదాన్ని చిన్నపిల్ల కాదనలేదు, అవుననలేదు. కేసు నిలబడలేదు. సత్యవతి గారు ఎన్నో కార్యాలయాలు తిరిగి చిన్నదాన్ని ప్రభుత్వ గురుకుల పాఠశాలలో చేర్పించారు. ఇది మా విజయాల్లో ఒకటి. ఆ కుర్రవాడి తమ్ముడిని హాస్టల్లో వేయడం ఇంకొకటి. గురుకులాలను వేసవిలో మూసేస్తారు. మూసినప్పుడు పిల్లలు ఎక్కడికి వెళ్తారో మీకు చెప్పనక్కరలేదు.

మూసివేత

నోటీసును ఒక కళాశాల నాలుగో రోజే తీసేసింది. "ఏ ప్రశ్న, ఏ జవాబు అని పేరెంట్స్ అడుగుతున్నారండీ, ఏం చెప్పమంటారు?" అని ప్రిన్సిపాలు ఫోను చేశారు. ప్రశ్న ఏమిటో చెబితే ఆయన ఇంకా త్వరగా తీసేసేవారు. మిగిలిన రెండు కళాశాలల్లో దాని మీద ఉద్యోగ ప్రకటనలు అతికించారు.

ఏప్రిల్లో నివేదిక సమర్పించాం. జగన్నాథరావు గారు నన్ను పిలిచి, రోడ్డు ప్రమాదాల సర్వేకు గది కావాలన్నారు. మాట తడబడుతూనే అన్నారు. "ప్రాజెక్టు అయిపోయింది కదా మాస్టారూ. మనమేం చేస్తామండీ?" ఆగస్టులో ఆ పిల్ల అడిగింది కూడా ఇంచుమించు ఇదే ప్రశ్న.

నివేదిక తరువాత పత్రాలన్నీ నాశనం చేస్తామని కూడా విద్యార్థులకు మాటిచ్చాం. ఆ పని నేనే దగ్గరుండి చేయించాను. వెనుక రాసిన పత్రాన్ని విడిగా దాచలేదు. అది కూడా ముక్కలైంది.

ఆ పిల్లకు ఇప్పుడు పదహారేళ్ళు. ఇది ఊహ కాదు, తొమ్మిదికి ఏడు కలిపాను. అక్క ఆ సంవత్సరమే నోటీసు చూడకుండా చదువు ముగించి వెళ్ళిపోయిందో, చూసి నమ్మలేదో, బుధవారం మూడు గంటలకు ఇంటికి వెళ్ళే బస్సు తప్ప ఇంకొకటి లేదో, నాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా నేను ఉంచుకోలేదు.

తుది లెక్క ఇది. నోటీసు చూసి గదికి వచ్చినవారు పదకొండుమంది. పోలీసులకు చెప్పాలన్న మాట విని లేచి వెళ్ళినవారు నలుగురు. ఇల్లు దాటి బయటికి వచ్చిన పిల్లలు ఇద్దరు, సెలవులు మినహా. తొమ్మిదేళ్ళ చెల్లి ఉందని చెప్పినవారు ఎవరూ లేరు. కాగితం వెనుక రాసినవారు ఒకరు. ఆ ఒకరు రాలేదు.